1966 మస్టాంగ్: హైవే కోసం చక్రాలు, టైర్లు మార్చాలంటే ఏ సైజు, ఏ బ్యాక్‌స్పేసింగ్?

ప్లేనో_పాతబండి

అందరికీ నమస్తే. బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే. 289 వీ8 ఇంజను, సీ4 ఆటోమేటిక్, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.00. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. స్టీరింగ్ మాన్యువల్, ఎత్తు ఫ్యాక్టరీ ఎత్తే. రిములు అసలువే, 14×5 స్టీల్. వాటి మీద 6.95-14 బయాస్ ప్లై, అంటే రేడియల్ కాని పాతరకం, టైర్లు ఉన్నాయి.

ఊళ్ళో తిరగడానికి ఇబ్బంది లేదు. ఐ-45 మీద డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా 70 మైళ్ళ వేగంతో పోవాలంటేనే కష్టం. రోడ్డు మీద లారీలు తొక్కిన గాడి ఎటు పోతే బండీ అటే పోతుంది. స్టీరింగ్‌ని క్షణం వదల్లేం.

15 అంగుళాలకి మారాలనుకుంటున్నాను. రిమ్ ఎంత వెడల్పు ఉండాలి, బ్యాక్‌స్పేసింగ్ ఎంత, ఏ టైరు వేస్తే ఫెండర్‌కి గానీ లీఫ్ స్ప్రింగ్‌కి గానీ తగలదు? స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా? ఫెండర్ అంచులు మడవడం, కొయ్యడం లాంటివి చెయ్యదలుచుకోలేదు. రిములు కూడా ఆ కాలపు బండికి నప్పేలా ఉంటే చాలు, 18 అంగుళాల జోలికి పోను.

కమాన్‌పట్టీ

ఫెండర్ ముట్టుకోకుండా, బండి ఎత్తు మార్చకుండా 65-66 మస్టాంగ్‌కి నిశ్చింతగా సరిపోయే కొలత 15×7 రిమ్, 4.25 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్. ముందూ వెనకా అదే. దాని మీద నాలుగూ 205/65 ఆర్15 వేయండి. వెనక కాస్త నిండుగా కనిపించాలంటే 225/60 ఆర్15 పడుతుంది గానీ ముందుకి మాత్రం 205 దాటొద్దు. మాన్యువల్ స్టీరింగ్‌తో 225 ముందు వేస్తే పార్కింగ్‌లో చేతులు పడిపోతాయి. పైగా మలుపులో ఫెండర్ వెనక మూలకి రాసుకునే అవకాశం ఎక్కువ.

బ్యాక్‌స్పేసింగ్ అంకెని అమ్మేవాడి మాట మీద నమ్మకండి. రిమ్‌ని బోర్లా పడుకోబెట్టి వెనక అంచుల మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టండి. స్కేలు కింది అంచు నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా ఎంత లోతుందో అదే బ్యాక్‌స్పేసింగ్. చాలా చోట్ల ఆఫ్‌సెట్, అంటే రిమ్ వెడల్పు నడిమధ్య నుంచి ఆ ముఖం ఎంత పక్కకి ఉందో, అది మాత్రమే మిల్లీమీటర్లలో రాస్తారు. 15×7 అంటే టైరు కూర్చునే చోటు వెడల్పు 7 అంగుళాలు. రెండు పక్కలా అంచులు కలిపితే మొత్తం 8. దాని సగం 4. కాబట్టి 4.25 అంటే ప్లస్ 6 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్. అదే 15×7లో 3.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిములు కూడా పాత అమెరికన్ బళ్ళ పేరుతో అమ్ముతారు. అవి మైనస్ 13. అంటే చక్రం ముప్పాతిక అంగుళం బయటికి వస్తుంది. నిలబెట్టిన బండి మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి, గతుకులో పడితే ఫెండర్ అంచు టైరుని కోస్తుంది.

ఇక మిగతా కొలతలు. మీది వీ8 కాబట్టి 5 స్టడ్లు, పీసీడీ (స్టడ్లు ఉన్న వలయం వ్యాసం) 114.3 మిల్లీమీటర్లు, అంటే నాలుగున్నర అంగుళాలు. స్టడ్ అర అంగుళం, అంగుళానికి 20 మరలు. నట్టు పూర్తిగా బిగిసేసరికి స్టడ్ వ్యాసమంత పొడవు మర పట్టుకోవాలి, అంటే కనీసం 10 చుట్లు తిరగాలి. పాత స్టీల్ రిమ్ పల్చన, అల్యూమినియం రిమ్ మందం. అందుకే పాత నట్లతో అల్యూమినియం రిమ్ బిగిస్తే ఆరేడు చుట్లకే బిగిసినట్టు అనిపిస్తుంది. లెక్కపెట్టండి. తక్కువైతే పొడవు స్టడ్లు వేయించాలి. నట్టు ఆనే చోటు కూడా చూసుకోండి. కొన్ని రిములకి 60 డిగ్రీల కోను నట్టు కావాలి, కొన్నిటికి వాషరూ పొడుగు మెడా ఉన్న నట్టు కావాలి. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే మొదట్లో గట్టిగానే ఉంటుంది, వంద మైళ్ళలోపే వదులవుతుంది.

టార్క్‌కి ఫోర్డ్ ఇచ్చిన పరిధి 70 నుంచి 115 పౌండ్-అడుగులు. 85-90 దగ్గర ఆపండి. నక్షత్రం వరసలో, రెండు విడతలుగా, చేత్తో. 50 మైళ్ళు తిప్పాక మళ్ళీ టార్క్ రెంచ్ పెట్టండి. కొత్త చక్రాలకి పూజ చేసి నిమ్మకాయలు తొక్కించేవాళ్ళు ఆ పని టార్క్ అయ్యాక పెట్టుకోండి.

స్పీడోమీటర్ సంగతి. మీ 6.95-14కి దగ్గరి రేడియల్ 185/75 ఆర్14. దాని వ్యాసం 24.9 అంగుళాలు. 205/65 ఆర్15 వ్యాసం 25.5. తేడా రెండున్నర శాతం లోపే. మీటరు 70 చూపిస్తే అసలు వేగం దాదాపు 71.7. ట్రాన్స్‌మిషన్‌లో స్పీడోమీటర్ పళ్ళచక్రం 19 పళ్ళ నుంచి 18కి మారిస్తే ఐదున్నర శాతం తేడా వస్తుంది, అంటే సరిదిద్దబోయి రెండో వైపు తప్పు తెచ్చుకున్నట్టు. దాన్ని అలాగే వదిలేయండి. ఇంజను మాత్రం కొంచెం సుఖపడుతుంది. 70 మైళ్ళ దగ్గర 24.9 టైరుతో సుమారు 2,830 ఆర్‌పీఎం తిరిగేది 25.5తో 2,770కి దిగుతుంది. ఆటోమేటిక్‌లోని టార్క్ కన్వర్టర్ జారుడు దీనికి అదనం.

రెండోగేరు

కమాన్‌పట్టీ గారు చెప్పిన కొలతల్లో తప్పు పట్టడానికేం లేదు. కానీ అసలు జబ్బు 14 అంగుళాలది కాదు, బయాస్ ప్లైది. గాడి వెంట పోవడం బయాస్ ప్లై టైరు లక్షణమే. దాని లోపలి పొరలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి అడ్డంగా ఉంటాయి. పక్కగోడ వంగితే దానితోపాటు కింద తొక్కే ముఖం కూడా మెలిపడుతుంది. రోడ్డు అంచు ఎటు వాలితే అటు లాగుతుంది. రేడియల్‌లో పక్కగోడ దాని మానాన అది వంగుతుంది, ముఖం కింద స్టీల్ బెల్టు నేలకి అతుక్కునే ఉంటుంది.

అందుకని ముందు మీ 14×5 రిముల మీదే 185/75 ఆర్14 గానీ 195/75 ఆర్14 గానీ వేసి చూడండి. 5 అంగుళాల రిమ్‌కి 195 దాటకూడదు. దాటితే పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి ముఖం మధ్యలో మాత్రమే అరుగుతుంది, మలుపులో టైరు రిమ్ మీద తూగుతుంది. ఖర్చు సగం, రూపం చెడదు, హబ్ క్యాపులు కూడా అవే ఉంటాయి.

ఒక షరతు. రిములు 60 ఏళ్ళ నాటివి. వాటిని ముందు పరీక్షించాలి. రంగు తీసేసి స్టడ్ రంధ్రాల చుట్టూ, మధ్య డిస్క్‌ని బయటి వలయానికి కలిపిన చోటా పగుళ్ళు వెతకండి. రంధ్రాలు కోలగా అయ్యుంటే ఆ రిమ్ పక్కన పడేయండి. హబ్‌కి బిగించి డయల్ గేజ్ పెట్టి తిప్పండి. పక్కకి గానీ పైకీ కిందికీ గానీ 0.06 అంగుళం మించి ఊగితే ఎంత బ్యాలెన్స్ చేసినా 60 దాటాక వణుకుతుంది. వాల్వ్ రంధ్రం కొలవండి. 0.453 అంగుళం అయితే టీఆర్413, 0.625 అయితే టీఆర్415. పెద్ద రంధ్రంలో చిన్న వాల్వ్ దూరిస్తే రెండు రోజులకోసారి గాలి కొట్టుకోవాల్సిందే.

ప్లేనో_పాతబండి

ఇద్దరికీ థాంక్స్. బయాస్ ప్లై సంగతి అర్థమైంది. కానీ 14లో మంచి రేడియల్స్ దొరకడం లేదు. ఉన్నవన్నీ ఎస్ రేటింగే, అదీ ఒకటి రెండు రకాలు. పరవాలేదా?

ఇంకో ప్రశ్న. ఇక్కడ ఒకాయన 2000 నాటి మస్టాంగ్ 17×8 రిములు టైర్లతో సహా చవగ్గా ఇస్తానంటున్నాడు. పీసీడీ అదే 5×114.3 కదా, నేరుగా ఎక్కుతాయా? చక్రం తగినంత బయటికి రాకపోతే స్పేసర్ (హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే దిమ్మ) పెడితే సరిపోతుందంటున్నాడు.

కమాన్‌పట్టీ

ఎక్కుతాయి, తిరగవు. 94 నుంచి 2004 దాకా వచ్చిన ఆ 17×8 రిముల ఆఫ్‌సెట్ ప్లస్ 30. బ్యాక్‌స్పేసింగ్‌లో చెప్పాలంటే 5.7 అంగుళాలు. మీ బండికి కావాల్సింది 4.25. అంటే చక్రం లోపలి అంచు దాదాపు అంగుళంన్నర లోపలికి పోతుంది. ముందు టై రాడ్ చివరా పై కంట్రోల్ ఆర్మూ అడ్డం, వెనక లీఫ్ స్ప్రింగ్ అడ్డం.

అంగుళంపావు స్పేసర్ పెట్టారనుకోండి. లోపలి సమస్య తీరుతుంది. ఇప్పుడు బయటి లెక్క చూడండి. 8 అంగుళాల రిమ్ మొత్తం వెడల్పు 9. అందులోంచి 5.7 తీస్తే హబ్ ముఖానికి బయట 3.3. దానికి 1.25 కలపండి, 4.55. అదే 15×7 రిమ్‌కి 8 లోంచి 4.25 తీస్తే 3.75. అంటే ముప్పాతిక అంగుళానికి పైగా బయటికి పొడుచుకొస్తుంది. ఫెండర్ ముట్టుకోనన్నారు కాబట్టి ఆ బేరం వదిలేయండి.

స్టడ్లతో సహా హబ్‌కి బిగిసే స్పేసర్ అంటే కొంత నయం. పావు అంగుళం పళ్ళెం లాంటివి ఉంటాయి చూశారా, చక్రానికీ హబ్‌కీ మధ్య ఊరికే దూర్చేవి, అవి మాత్రం వద్దే వద్దు. అంగుళానికి 20 మరలంటే పావు అంగుళానికి 5 చుట్లు పోయినట్టే. 10 కావాల్సిన చోట 5 మిగిలితే హైవే మీద చక్రం ఊడి పక్క లేనులోకి పోతుంది.

ఎస్ రేటింగ్ అంటే గంటకి 112 మైళ్ళు. మీ వేగానికి అది సమస్య కాదు. సమస్య దొరకడమే. దారి మధ్యలో 14 పగిలితే ఆ ఊళ్ళో ఆ సైజు ఉండదు. 205/65 ఆర్15 మామూలు సెడాన్ల సైజు కాబట్టి దాదాపు ఏ దుకాణంలోనైనా ఉంటుంది. దాని లోడ్ ఇండెక్స్ సాధారణంగా 94, టైరుకి 1,477 పౌండ్లు మోస్తుంది. మస్టాంగ్‌కి అది ఎక్కువే. హైవే కోసం 15కి మారమనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే, పట్టు తర్వాత సంగతి.

కొనేటప్పుడు పక్కగోడ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 3522 అంటే 2022లో 35వ వారం. పాత సైజులు గోడౌన్లలో ఏళ్ళ తరబడి పడుంటాయి. గాడి నిండుగా ఉన్నంత మాత్రాన టైరు కొత్తది కాదు. టెక్సాస్ ఎండకి రబ్బరు ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ఆరేళ్ళు దాటిన దాన్ని ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్ళు దాటితే బండిలో ఉండకూడదు. డిక్కీలో పడున్న స్పేరుకీ ఇదే లెక్క.

షిమ్ముల_సుబ్బడు

చక్రాల గురించి ఇంత మాట్లాడుకున్నారు గానీ అలైన్‌మెంట్ ఊసే ఎత్తలేదు. రేడియల్స్ వేసి పాత అలైన్‌మెంట్ మీదే నడిపితే సగం లాభం పోయినట్టే. ఫ్యాక్టరీ పుస్తకంలోని అంకెలు బయాస్ ప్లై కోసం రాసినవి. షాపువాడు కంప్యూటర్లో 1966 మస్టాంగ్ అని కొట్టి ఆ అంకెలే పెట్టేస్తాడు. మీరే కాగితం మీద రాసిచ్చి ఇవే కావాలనండి:

క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలిన కోణం) ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, మాన్యువల్ స్టీరింగ్ కాబట్టి మీకు 2 చాలు. క్యాంబర్ (చక్రం పైభాగం వాలిన కోణం, లోపలికి వాలితే మైనస్) 0 నుంచి మైనస్ అర డిగ్రీ. టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు వెనక అంచుల కంటే దగ్గరగా ఉండటం) మొత్తం మీద 1/16 నుంచి 1/8 అంగుళం. కుడి పక్క క్యాస్టర్ పావు డిగ్రీ ఎక్కువ పెట్టించుకుంటే రోడ్డు వాలుకి కుడివైపు లాగడం తగ్గుతుంది. తేడా అర డిగ్రీ దాటనివ్వొద్దు.

హైవే మీద స్టీరింగ్ దానంతటది మధ్యకి రావడం క్యాస్టర్ వల్లే. 65-66లో క్యాస్టర్, క్యాంబర్ రెండూ పై కంట్రోల్ ఆర్మ్ షాఫ్ట్‌కీ షాక్ టవర్‌కీ మధ్య పెట్టే షిమ్ములతోనే, అంటే పల్చటి లోహపు బిళ్ళలతోనే, సరిచేయాలి. 67 నుంచి పద్ధతి వేరు, కింద క్యామ్ బోల్టూ స్ట్రట్ రాడ్డూ వచ్చాయి. చాలామంది కుర్ర మెకానిక్కులకి షిమ్ముల పద్ధతి తెలియదు, టో ఒక్కటి సరిచేసి పంపించేస్తారు. రెండు బోల్టుల దగ్గరా సమానంగా షిమ్ములు కలిపితే ఆర్మ్ బయటికి జరిగి క్యాంబర్ ప్లస్ వైపు పోతుంది. ముందు బోల్టు దగ్గర మాత్రమే కలిపితే బాల్ జాయింట్ వెనక్కి జరిగి క్యాస్టర్ పెరుగుతుంది. మందం తేడా మరీ పెంచితే షాఫ్ట్ మెలిపడుతుంది. అందుకే షిమ్ములతో 2 డిగ్రీలు రాకపోతే అక్కడ ఆగి, పొడవు మార్చుకోగల స్ట్రట్ రాడ్లు వేయించండి.

అలైన్‌మెంట్ చేయించబోయే ముందు, బండి ముందు చక్రాలు గాల్లోకి లేపి చూడాల్సినవి ఉన్నాయి. 12 గంటలు, 6 గంటల దగ్గర పట్టుకుని ఊపితే కదిలితే బాల్ జాయింటో చక్రం బేరింగో. 3, 9 దగ్గర ఊపితే కదిలితే టై రాడ్ చివరలు, ఐడ్లర్ ఆర్మ్, స్టీరింగ్ బాక్స్. బాల్ జాయింట్ పరీక్షకి ఈ బండిలో స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చుంటుందని మర్చిపోకండి. జాకీ కింది ఆర్మ్ కింద కాదు, ఫ్రేమ్ కింద పెట్టి పై ఆర్మ్‌కి చెక్క దిమ్మ అడ్డం పెట్టాలి. అప్పుడుగానీ పై జాయింట్ మీద బరువు పోదు, అరుగుదల తెలియదు. వీటిలో ఏది వదులుగా ఉన్నా అలైన్‌మెంట్ డబ్బులు దండగ.

గాలి: బయాస్ ప్లైకి 24 పీఎస్‌ఐ ప్రాంతంలో కొట్టే అలవాటుతో రేడియల్‌కీ అంతే కొట్టకండి. చల్లగా ఉన్నప్పుడు నాలుగింటికీ 30-32. ఆగస్టులో ఐ-45 మీద గాలి తక్కువ టైరు పక్కగోడ వేడెక్కి పొరలు ఊడిపోతుంది. ముందు రెండు రేడియల్, వెనక రెండు బయాస్ ప్లై అని పొదుపు చేయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ముందు పట్టు ఎక్కువ, వెనక తక్కువై మలుపులో బండి తోక తిప్పేస్తుంది.

నాలుగుస్టడ్లు

ఇదే బండి ఆరు సిలిండర్లదైతే ఏం చేయాలి? దానికి నాలుగే స్టడ్లు ఉన్నాయి. అడాప్టర్లు దొరుకుతున్నాయి, నాలుగు నుంచి ఐదుకి.

కమాన్‌పట్టీ

అడాప్టర్ కొనకండి. ఆరు సిలిండర్ల బండిలో తక్కువ స్టడ్లు ఉండటమొక్కటే కాదు తేడా. స్టడ్ కూడా 7/16 అంగుళం, స్పిండిల్ సన్నం, డ్రమ్ 9 అంగుళాలే. వీ8 డ్రమ్ 10. అడాప్టర్ ఈ చిన్న స్టడ్ల మీదే వేలాడుతుంది, చక్రాన్ని బయటికి కూడా తోస్తుంది. ఐదు స్టడ్లు కావాలంటే ముందు వీ8 స్పిండిళ్ళు, బ్రేకులు, వాటికి సరిపోయే టై రాడ్ చివరలు మార్చాలి, వెనక 8 అంగుళాల యాక్సిల్ పెట్టాలి. యాక్సిల్ కొనేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. 65-66ది డ్రమ్ ముఖం నుంచి డ్రమ్ ముఖానికి 57.25 అంగుళాలు. 67-70ది 59.25, అది పెడితే పక్కకి అంగుళం చొప్పున చక్రాలు బయటికొచ్చి పైన చెప్పిన బ్యాక్‌స్పేసింగ్ లెక్కలన్నీ తప్పుతాయి.

అంత ఖర్చు వద్దనుకుంటే నాలుగు స్టడ్ల రిముల మీదే మంచి 14 రేడియల్స్ వేసుకోండి. ఆ ఇంజను వేగానికి అవి చాలు.

రెండోగేరు

ప్లేనో తమ్ముడూ, 15కే పోతానంటే పో. కానీ ఆ డబ్బులో కొంత బ్రేకులకి పక్కన పెట్టు. 66లో మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. ఎక్కడ ఒక్క గొట్టం కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు గదులది 67 నుంచి వచ్చింది. దాన్ని వేసుకోవడం పెద్ద పనేం కాదు, ముందు చక్రాల పైపు ఒకటి వేరు చేసి కొత్తది లాగాలి. మంచి టైర్లు వేశాక బండి నిశ్చలంగా పోతుంది, దాంతో తెలియకుండానే 75 పట్టుకుంటావు. డ్రమ్ములు మాత్రం అవే. ఒకసారి గట్టిగా ఆపితే ఆగుతుంది, వెంటవెంటనే రెండోసారి, మూడోసారి తొక్కితే వేడికి పట్టు తప్పుతుంది.

తర్వాత ముందు డిస్కులు వేసే ఆలోచన ఉంటే రిములు ఇప్పుడే ఆ లెక్కతో కొను. నాలుగు పిస్టన్ల కెల్సీ-హేయ్స్ క్యాలిపర్‌కి చాలా పాత 14 డ్రమ్ రిములు తగులుతాయి. 15లో ఆ బాధ తక్కువ, అయినా కొనే ముందు క్యాలిపర్ కొలతతో సరిచూసుకో.

ప్లేనో_పాతబండి

సరే, 15×7, 4.25, 205/65 నాలుగు, పాతది ఒకటి స్పేరుగా. అలైన్‌మెంట్ అంకెలు రాసుకున్నాను. మాస్టర్ సిలిండర్ కూడా లిస్టులో చేర్చాను. బ్యాలెన్సింగ్‌లో జాగ్రత్తలేమైనా ఉన్నాయా? హబ్ రింగులు అవసరమా?

షిమ్ముల_సుబ్బడు

రిమ్ మధ్య రంధ్రం మీ హబ్‌కి సరిగ్గా పడితే రింగు అక్కర్లేదు. బయటి కంపెనీల రిములకి రంధ్రం పెద్దదిగా ఉంటుంది, అవి నట్ల కోను మీదే మధ్యకి వస్తాయి. అలాంటి వాటిని మధ్య రంధ్రంలో కోను దూర్చి బ్యాలెన్స్ చేస్తే మెషిన్ మీద సున్నా చూపిస్తుంది, బండి మీద వణుకుతుంది. ఐదు వేళ్ళ పళ్ళెం ఉన్న అడాప్టర్‌తో, నట్టు రంధ్రాల్లో పట్టించి చేయమనండి. ఆ అడాప్టర్ లేదంటే ఇంకో షాపుకి పోండి. బిగించేటప్పుడు చక్రం గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో సమానంగా దింపి, ఆ తర్వాత రెంచ్ పెట్టండి. నేల మీద దించి బిగిస్తే బరువుకి చక్రం ఒక పక్కకి కూర్చుంటుంది.

తర్వాత కూడా వణుకు మిగిలితే అది ఎక్కడి నుంచో పట్టుకోవడం తేలిక. స్టీరింగ్ చేతిలో ఊగితే ముందు చక్రాలు. సీటు కింద తెలిస్తే వెనకవి. 60 మైళ్ళ దగ్గర ఈ టైరు సెకనుకి సుమారు 13 సార్లు తిరుగుతుంది, అది చేతికి ఊపులాగే తెలుస్తుంది. 3.00 యాక్సిల్‌తో డ్రైవ్ షాఫ్ట్ దానికి మూడింతలు తిరుగుతుంది, సెకనుకి 40 ప్రాంతం, అది ఊపులా కాకుండా గుయ్యిమని మోతలా వస్తుంది. మోత వస్తుంటే టైర్ల షాపు చుట్టూ తిరగకండి, యూ-జాయింట్లు చూడండి.

స్పేరు గురించి ఒక మాట. పాత 6.95-14 బయాస్ ప్లైని స్పేరుగా ఉంచుకుంటే దాని వ్యాసం వేరు, స్వభావం వేరు. మీది మామూలు డిఫరెన్షియల్ అయితే 45-50 మైళ్ళ వేగంలో పక్క ఊరి టైర్ల షాపు దాకా పోవచ్చు. లిమిటెడ్ స్లిప్ (రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగకుండా అడ్డుకునే డిఫరెన్షియల్) ఉంటే ఆ స్పేరుని వెనక వేయకండి. వెనక టైరు పగిలితే ముందుది తీసి వెనక వేసి, స్పేరు ముందుకి పెట్టండి. పాత స్టీల్ రిమ్‌కీ కొత్త రిమ్‌కీ నట్లు వేరైతే పాత నట్లు ఐదు డిక్కీలో సంచిలో కట్టి పెట్టండి, అవి లేకపోతే ఆ స్పేరు బిగించలేరు.